ఏడేళ్ల వాడకం తర్వాత: నీరు ఇంకే కాంక్రీటు, పక్కనే మామూలు కాంక్రీటు

గేటు నుంచి షెడ్డు దాకా మా దారి నిలువునా రెండు రకాలు. ఎడమ సగం ఇసుక లేకుండా 10 మిల్లీమీటర్ల కంకర, సిమెంటు, నీళ్లతో పోసిన పర్వియస్, అంటే నీరు ఇంకే, కాంక్రీటు. కుడి సగం ఎం20 రకం మామూలు కాంక్రీటు. మందం రెండింటికీ 150 మిల్లీమీటర్లే. కారు ఎడమ చక్రాలు పర్వియస్ మీద, కుడి చక్రాలు ఎం20 మీద నడుస్తాయి. ఏడేళ్లుగా ఇదే వరస.

చూసినవాళ్లందరూ మొదట అడిగేది, "ఇన్ని చిల్లులున్నాయి, బరువు ఆపుతుందా?" అని. ఆపింది. ఎం20 అంటే 28 రోజులకు నొక్కుడును తట్టుకునే బలం 20 మెగాపాస్కల్. పర్వియస్‌లో ఈ అంకె 3 నుంచి 28 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, మామూలుగా 17 దరిదాపుల్లో ఉంటుంది. ఇంత తేడాకు కారణం ఖాళీలే. పలకలో నూటికి 15 నుంచి 25 వంతులు గాలే. కంకర రాళ్లు ఒకదాన్నొకటి తాకేచోట ఉన్న పలుచటి సిమెంటు పూతే మొత్తాన్ని పట్టుకుని ఉంటుంది. గట్టిగా దట్టిస్తే బలం పెరుగుతుంది, నీరు దిగడం తగ్గుతుంది. ఖాళీ 15 వంతుల కన్నా తగ్గితే చిల్లులు ఒకదానితో ఒకటి కలవవు, ఇక నీరు దాదాపు దిగదు.

అందుకే దీని మంచిచెడ్డలన్నీ పోసిన రోజే తేలిపోతాయి. సిమెంటు బరువులో నీరు మూడో వంతుకు మించకూడదు. పిడికెడు తీసుకుని ముద్ద చేస్తే విడిపోకూడదు, చేతికి జారకూడదు, రాయి మీద తడి మెరుపు కనిపించాలి. నీరెక్కువైతే సిమెంటు పాలు కిందికి జారి అడుగున గట్టి పొరలా కూర్చుంటాయి. వైబ్రేటర్ వద్దు, రోలర్ చాలు. మా మేస్త్రి మంచి పనివాడే, కానీ చెయ్యి ఊరుకోక గేటు దగ్గర ఓ మీటరు మేర తాపీతో నున్నగా రుద్దేశాడు. చూడ్డానికి అందంగా వచ్చింది. ఆ ముక్కలో ఈ రోజుకీ చుక్క నీరు దిగదు.

ఇంకో తప్పు నాది. పోసిన 20 నిమిషాల్లోపే ప్లాస్టిక్ షీటు కప్పి వారం రోజులు తియ్యకూడదు. చిల్లుల్లోంచి తేమ అంత తొందరగా పోతుంది మరి. షెడ్డు మూల రాత్రి గాలికి షీటు లేచిపోయింది, పొద్దున గానీ చూడలేదు. కంకర ఊడి రావడం మొదలైంది సరిగ్గా అక్కడే, రెండో నెలలోనే. మిగతా దారిలో తొలి వారాల్లో నాలుగైదు రాళ్లు లేచాయి, తర్వాత ఆగిపోయింది. నిలబెట్టిన కారు స్టీరింగ్ తిప్పే చోట మాత్రం ఇప్పటికీ ఏడాదికి కాస్త అరుగుతూనే ఉంది. కుడివైపు ఎం20కి ఆ బాధ లేదు. కానీ రెండో ఏడే అడ్డంగా పగిలింది, వానాకాలంలో పాచి కూడా పడుతుంది.

నీటి సంగతి నేనే కొలిచాను. 300 మిల్లీమీటర్ల వెడల్పు రింగు పెట్టి, అంచు చుట్టూ నీరు కారకుండా పుట్టీ పూసి, ముందు కొంచెం తడిపి, తర్వాత 18 లీటర్లు వదలడం. కొత్తలో 45 సెకన్లలో దిగిపోయింది. నాలుగో ఏడు 12 నిమిషాలు పట్టింది. వినగానే టెన్షన్ వస్తుంది గానీ, లెక్కేస్తే అది గంటకు సుమారు 1,270 మిల్లీమీటర్లు. గంటకు 100 మిల్లీమీటర్లు పడితే కుండపోతే. అంటే కొత్తనాటి వేగంలో పదహారో వంతుకు పడిపోయినా వానకు సరిపోతుంది.

అసలు దెబ్బ తీసింది ఇసుక. అయిదో ఏడు గోడ పనికి తెప్పించిన ఇసుకను, నేను ఇంట్లో లేని పూట, లారీవాళ్లు సరిగ్గా ఎడమ సగం మీద కుమ్మరించి పోయారు. పది రోజులు అక్కడే ఉంది. ఎత్తేశాక రింగు పెడితే నీరు కదల్లేదు. ప్రెషర్ వాషర్‌తో కొట్టాను, వాక్యూమ్‌తో లాగాను, అదీ రెండుసార్లు. చివరికి రెండున్నర నిమిషాలకు వచ్చింది. కొత్తనాటి 45 సెకన్లు మళ్లీ చూడలేదు. ఒత్తిడి నీటి గొట్టం మరీ దగ్గర పెడితే మట్టి ఇంకా లోపలికి దిగుతుంది, రాళ్లూ ఊడతాయి. ఏటవాలుగా పట్టుకోవాలి. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు, ఆకులు రాలాక ఒకసారి, వానలకు ముందు ఒకసారి శుభ్రం చేస్తున్నాను.

చిన్న చిన్న ఫిర్యాదులూ ఉన్నాయి. చెప్పుల్లేకుండా నడవలేం. పిల్లలు పడితే మోకాలు చెక్కుకుపోతుంది. జారిపడిన చిన్న స్క్రూ మళ్లీ దొరకదు. బలం కోసం ఇందులో ఇనుప ఊచలు వేయకూడదు, చిల్లుల్లో నీరూ గాలీ ఎప్పుడూ ఆడుతుంటాయి కాబట్టి తుప్పు పడతాయి.

ఈసారి పోయాల్సి వస్తే గేటు మలుపు దగ్గర మామూలు కాంక్రీటే వేస్తాను. తిన్నగా ఉన్న భాగమంతా పర్వియస్ వేసి, మలుపు నీరు అటే వాలేలా వాటం ఇస్తాను. ఇసుక లారీ ఆగే చోటు ముందే గుర్తు పెడతాను.