సీమ రాళ్ల వయసు కట్టడానికి ఏది మేలు: కార్బనా, ఆర్గానా, యురేనియమా?

రాయి వయసు ఎంత అని అడిగేముందు, ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో తేల్చుకోవాలి. చెట్టు చచ్చిన రోజు నుంచా, ఇసుక రేణువు ఆఖరుసారి ఎండ చూసిన రోజు నుంచా, కరిగిన రాయి గడ్డకట్టిన రోజు నుంచా? ఒక్కో పద్ధతి ఒక్కో రోజునే చెబుతుంది.

అందరి నోటా మొదట వచ్చేది కార్బన్ డేటింగ్. రాయలసీమ రాళ్లకు అది పనికిరాదు. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది. సుమారు 50,000 ఏళ్లు దాటాక కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. అప్పుడు పుట్టే తప్పు కూడా మామూలుది కాదు: కార్బన్-14 పూర్తిగా అయిపోయిన నమూనాలో నూటికి ఒక పాలు కొత్త కార్బన్ కలిసినా యంత్రం 37,000 ఏళ్లని చూపిస్తుంది. ఆ అంకె చూసి మురిసిపోయేవాళ్లూ ఉంటారు. పొయ్యిబొగ్గు, ఎముక, గింజ లాంటివాటికైతే ఇదే మేలు.

పాత కర్నూలు జిల్లా జ్వాలాపురం దగ్గర మట్టిపొరల మధ్య తెల్లటి బూడిద ఉంది. సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట కక్కిన బూడిద అది. కార్బన్‌కు అందని వయసు. బూడిదలోని గాజు తునకల రసాయన కూర్పు టోబాతో సరిపోయింది. టోబా పేలుడు వయసేమో అక్కడి స్ఫటికాల్లోని ఆర్గాన్‌ను కొలిచి కట్టినది. బూడిదకు పైనా కిందా ఉన్న మట్టికి మాత్రం, రేణువు ఆఖరుసారి ఎండ చూసిన రోజును చెప్పే ల్యూమినిసెన్స్ పద్ధతి వాడాలి. వెలుతురు తగలకుండా ఇనుప గొట్టం కొట్టి మట్టి తీయాలి, లాబ్‌లో మసక ఎర్రదీపం కిందే విప్పాలి. రేణువు పూడిపోయాక ఎంత రేడియేషన్ పోగేసుకుందో కొలిచి, ఏడాదికి అందే మోతాదుతో భాగిస్తే వయసు వస్తుంది. చిక్కంతా తేమ దగ్గరే. నీళ్లు రేడియేషన్‌ను కొంత మింగేస్తాయి. తడిగా ఉన్న మట్టిని పొడిదని లెక్కేస్తే ఏడాది మోతాదు ఎక్కువై, వయసు తక్కువ పడుతుంది. పూడకముందు రేణువుకు ఎండ చాలకపోతే ఎక్కువ పడుతుంది.

ఇక కోట్ల ఏళ్ల లెక్క. పొటాషియం-40 అర్ధాయువు, అంటే సగం తరిగిపోయే కాలం, 125 కోట్ల ఏళ్లు. అందులో పదో వంతుకు కాస్త పైన ఆర్గాన్‌గా మారుతుంది, మిగతాది కాల్షియం అవుతుంది. ఆర్గాన్ వాయువు కాబట్టి రాయి మళ్లీ వేడెక్కితే జారిపోయి వయసు తగ్గుతుంది. అనంతపురం జిల్లా వజ్రకరూరులో, భూమి లోతుల నుంచి వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైట్ రాయిలో తిప్పలు ఇంకో వైపు నుంచి రావచ్చు: లోతుల నుంచి వచ్చిన అభ్రకం అక్కడి పాత ఆర్గాన్‌ను వెంట మోసుకొస్తే వయసు పెరుగుతుంది. నమూనాను మెట్లుమెట్లుగా వేడిచేస్తూ వాయువు తీసే ఆర్గాన్-ఆర్గాన్ పద్ధతిలో ఈ మోసం చాలావరకు బయటపడుతుంది. అయినా కింబర్లైట్‌కు పెరోవ్‌స్కైట్ అనే ఖనిజంలోని యురేనియం-సీసం లెక్కే మేలు; యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది, ఆ సీసాన్ని కొలిచి వయసు కడతారు. వజ్రకరూరు రాళ్లకు వచ్చిన వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు.

యురేనియానికి ఆ పెద్దరికం ఊరికే రాలేదు. ఒకే స్ఫటికంలో రెండు గడియారాలు నడుస్తాయి: యురేనియం-238కి అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు, 235కి 70 కోట్లు. రెండూ ఒకే వయసు చెబితే నమ్మొచ్చు, తేడా వస్తే చాలాసార్లు సీసం కారిపోయిందని అర్థం. జిర్కాన్ అనే ఖనిజం పుట్టేటప్పుడు తనలోకి యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. అందుకే అందులో దొరికే సీసం దాదాపు అంతా తర్వాత పుట్టిందే. రేడియేషన్‌కు దెబ్బతిన్న చోట్ల సీసం జారుతుంది కనుక, స్ఫటికాలను 900 డిగ్రీల దగ్గర రెండు రోజులు కాల్చి, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఆ భాగాలను కరిగించేస్తారు. మిగిలిన గట్టి భాగాన్నే కొలుస్తారు. గదిలోని దుమ్ములో ఉన్న సీసం చాలు లెక్క చెడగొట్టడానికి.

భూమి వయసుకు మాత్రం సీమ రాయే కాదు, భూమ్మీది ఏ రాయీ చాలదు, తొలినాటి పెంకు మిగల్లేదు మరి. 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కల సీసం కొలిచి 455 కోట్ల ఏళ్లని కట్టాడు. విశ్వానికి చూసే రాయే లేదు. అది విస్తరించే వేగం, తొలినాటి వెలుగు ఆధారంగా సుమారు 1,380 కోట్ల ఏళ్లంటారు.

మళ్లీ కడపకు వస్తే, ఇంటింటా పరిచే నాపరాయి అన్నిటికన్నా మొండిది. సున్నపురాయి కనుక అందులో తనతోపాటు పుట్టిన జిర్కాన్ ఉండదు. పొరల మధ్య ఇసుకరాయిలో జిర్కాన్ దొరికినా అది ఎక్కడో పాత కొండ నుంచి కొట్టుకొచ్చిన రేణువు. దాని వయసును బట్టి ఇసుక అంతకన్నా కొత్తదని మాత్రమే చెప్పగలం. ఇలాంటి పొరలకు ఉన్న మంచి దారి, కరిగిన రూపంలో వాటిని చీల్చుకుని చొరబడి గడ్డకట్టిన నల్లరాయిని వెతకడం. పులివెందుల దగ్గర తాడిపత్రి పొరల్లోకి దూరిన అలాంటి రాయికి 188.5 కోట్ల ఏళ్లని తేలింది కనుక, అది చొచ్చిన పొరలు అంతకన్నా పాతవి. సిలికా తక్కువైన ఈ రాయిలో జిర్కాన్ అరుదు. కొలవాల్సింది బాడెలియైట్ అనే ఖనిజాన్ని. నమూనా అంచు నుంచి తీస్తే పని చెడుతుంది. అక్కడ రాయి త్వరగా చల్లారి స్ఫటికాలు పెరగవు. మధ్యలో ముతకగా మెరిసే చోటు చూసి కొట్టాలి.