ఆర్గాన్‌లో 2 శాతం నైట్రోజన్ మిక్స్ సిలిండర్: మూడు నెలలు వాడాక

వైజాగ్ ఆటోనగర్‌లో మా షెడ్‌కి సముద్రపు నీటి లైన్ల స్పూల్స్ (ముందే వెల్డ్ చేసి పంపే పైపు ముక్కలు) ఆర్డరొచ్చింది, మెటీరియల్ 2205 డూప్లెక్స్ అనే స్టెయిన్‌లెస్ స్టీల్. అప్పటిదాకా 304, 316 లాంటి మామూలు స్టెయిన్‌లెస్ మీద తిరిగిన చేతులే కదా అని టిగ్‌కి (టంగ్‌స్టన్ రాడ్ మొనతో చేసే వెల్డింగ్) మామూలు ప్యూర్ ఆర్గాన్ తగిలించి కూపన్ (పరీక్ష కోసం చేసే నమూనా వెల్డ్) కొట్టేశాం. బీడ్ (వెల్డ్ గీత) చూడ్డానికి ముచ్చటగా ఉంది. లోహంలో ఫెరైట్ ఎంత శాతం ఉందో చూపే మీటర్ పెడితే రూట్ (అతుకు అడుగున పడే మొదటి వెల్డ్) దగ్గర 68, ఇంకోచోట 70. క్లయింట్ అడిగింది 35 నుంచి 65 లోపు. కూపన్ పోయింది, నాకు టెన్షన్ మొదలైంది.

డూప్లెక్స్‌లో ఫెరైట్, ఆస్టెనైట్ అనే రెండు రకాల లోహ నిర్మాణాలు దాదాపు సగం సగం ఉండాలి. ఆస్టెనైట్‌ని నిలబెట్టేది నికెల్, దాంతో పాటు నైట్రోజన్. మేం వాడిన గ్రేడ్‌లో నైట్రోజన్ ఉండేదే 0.14 నుంచి 0.20 శాతం, ప్యూర్ ఆర్గాన్ కింద లోహం కరిగినప్పుడు అందులో కొంత బయటికి పోతుంది. పిట్టింగ్‌ని (చిన్న చిన్న గుంతలు పడే తుప్పు) ఎంత తట్టుకుంటుందో లెక్క కట్టేటప్పుడు మాలిబ్డినంని 3.3తో గుణిస్తే నైట్రోజన్‌ని 16తో గుణిస్తారు, కాబట్టి ఆ కొంచెం పోయినా ఉప్పునీళ్లు తగిలే గొట్టానికి దెబ్బే. మైల్డ్ స్టీల్‌లో బ్లోహోల్స్ (వెల్డ్‌లో గ్యాస్ రంధ్రాలు) తెచ్చే నైట్రోజన్‌ని ఇక్కడ డబ్బులిచ్చి మరీ కలిపించుకోవాలి!

అందుకే 2 శాతం నైట్రోజన్ మిక్స్ సిలిండర్ పెట్టి కొత్త కూపన్ కొడితే రూట్ 54 దగ్గరికి దిగింది. ఘనతంతా గ్యాస్‌దే అనను. మొదటి కూపన్‌లో రూట్ గ్యాప్ బిగుతుగా పెట్టి ఫిల్లర్ (అతుకులో కరిగించి నింపే రాడ్) సరిగా పొయ్యలేదు. 2209 ఫిల్లర్‌లో నికెల్ 9 శాతం దాకా ఉంటుంది, అది తగినంత పడకపోతే ఏ గ్యాస్ పెట్టినా ఫెరైట్ పైకే పోతుంది. రెండోసారి గ్యాప్ పెంచాం, పర్జింగ్‌కి (పైపు లోపలి గాలిని తోసేసి గ్యాస్ నింపడానికి) ఆర్గాన్ మానేసి ప్యూర్ నైట్రోజన్ పెట్టాం, ఒక వరస వెల్డ్‌కీ ఇంకో వరసకీ మధ్య వేడి 150 డిగ్రీలు దాటనివ్వలేదు. లోపలి వైపు లేత గడ్డి రంగు వచ్చింది, అంటే పెద్దగా మాడలేదు.

ఇక కష్టాలు. టంగ్‌స్టన్ త్వరగా పోతుంది. మా పెద్ద వెల్డర్ని అందరం బాబాయ్ అంటాం, రెండో రోజే మొన కరిగి గుండ్రమైన రాడ్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "ఇదేం గ్యాసు అబ్బాయ్, గంటకోసారి గ్రైండింగ్ మిషన్ దగ్గరే నిలబడాల్సొస్తోంది" అన్నాడు. నిజమే. అందుకే 2 శాతం మంచిదైతే 5 ఇంకా మంచిది అనుకోకండి, మొన ఇంకా తొందరగా పోతుంది, పైగా బ్లోహోల్స్ మొదలవుతాయి.

రేటు ప్యూర్ ఆర్గాన్ కంటే బాగా ఎక్కువ. దానికైనా సర్దుకుంటాం గానీ, నాకు కోపం తెప్పించింది డీలర్ తీరు, పేరు చెప్పను. ఒకసారి మిక్స్ స్టాక్ లేదని 5 శాతం హైడ్రోజన్ కలిపిన ఆర్గాన్ పంపిస్తానన్నాడు, "స్టెయిన్‌లెస్‌కి అందరూ ఇదే వాడుతున్నారు సార్, స్పీడొస్తుంది" అని. 304కైతే సరే. డూప్లెక్స్‌లో ఫెరైట్ ఉంది కాబట్టి హైడ్రోజన్ దూరితే క్రాక్ వచ్చే ప్రమాదం, అదీ వెల్డ్ చల్లారాక ఎప్పుడో బయటపడుతుంది. వద్దన్నాను. ఇంకోసారి అనాలిసిస్ సర్టిఫికెట్ లేకుండా సిలిండర్లు దించి పోయాడు, పైన చేత్తో రాసిన స్టిక్కర్ ఒక్కటే. అందులో నైట్రోజన్ 2 ఉందో సున్నా ఉందో వాసన చూసి చెప్పలేం కదా. సరిగ్గా కలిపిన గ్యాస్ మళ్లీ విడిపోదు, కానీ నింపేటప్పుడే సరిగా కలవకపోతే మొదట వచ్చే గ్యాస్ ఒకలా, తర్వాత వచ్చేది ఒకలా ఉండొచ్చు.

గ్యాస్‌కి 5కి 4, డెలివరీకి 2. ఫ్లక్స్ కోర్ (లోపల పౌడర్ నింపిన వైరుతో వెల్డింగ్) వాడేవాళ్లకి ఈ సిలిండర్‌తో పని లేదు, అక్కడ ఆర్గాన్‌లో 20, 25 శాతం సీఓటూ మిక్స్ ఎక్కువగా నడుస్తుంది. టిగ్ రూట్ కొట్టేవాళ్లు మాత్రం ముందు ఒక్కటే తెప్పించుకుని కూపన్ మీద చూడండి. నేను ఈ నెలకి ఇంకో నాలుగు చెప్పాను, సిలిండర్ నంబర్ వేసిన సర్టిఫికెట్ చేతికొచ్చాకే బండిలోంచి దించమని గేటు దగ్గర కుర్రాడికి చెప్పి పెట్టాను.