కోనసీమలో కొబ్బరి, తాటి చూడాలంటే: ఎక్కడ దిగాలి, ఏమని అడగాలి

గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలకీ సముద్రానికీ మధ్యనున్న లంకలే కోనసీమ. అమలాపురానికి రైలు లేదు. రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా బస్సులో రావాలి. దిండికైతే పాలకొల్లులో దిగి చించినాడ వంతెన దాటడం దగ్గర.

బసకి దిండి బాగుంటుంది. వశిష్ఠ ఒడ్డు, పడవ ఇళ్ళు, ప్రశాంతత. కానీ అక్కడ కొబ్బరి చెట్టు ఫొటోకి నేపథ్యం మాత్రమే. పడవ ఇల్లు తీసుకుంటే రాత్రి ఎక్కడ కట్టేస్తారు, ఏసీ తెల్లవార్లూ నడుస్తుందా అన్నవి డబ్బు కట్టకముందే అడగండి. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదారి పొంగితే పడవలు ఆగిపోతాయి. సఖినేటిపల్లి-నరసాపురం మధ్య నది దాటించే పంటు కూడా అంతే.

కొబ్బరి పని చూడాలంటే, కొబ్బరి బజారున్న అంబాజీపేట చుట్టుపక్కలకి పొద్దున్నే వెళ్ళాలి. దింపు, అంటే చెట్టెక్కి కాయలు దించడం, ఎండెక్కకముందే అయిపోతుంది. తర్వాత ఒలుపు: నేలలో పాతిన గునపం మొనకి కాయని గుచ్చి మెలిపెడితే మూడు నాలుగు విసురుల్లో డొక్క ఊడుతుంది. దూరం పంపే కాయకి కళ్ళ మీద జుట్టు వదులుతారు. అది పీకేస్తే కళ్ళ దగ్గరే కుళ్ళు మొదలవుతుంది.

వదలకుండా చూడాల్సింది కురిడీ అటక. బాగా ముదిరిన కాయల్ని డొక్కతోనే అటక మీద ఎనిమిది, పది నెలలు ఉంచుతారు. లోపలి నీరు ఇంకి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండుగా విడిపోతుంది, అదే కురిడీ. చెవి దగ్గర పెట్టి ఊపితే తెలుస్తుంది: నీటి చప్పుడు వినిపిస్తే ఇంకా కాలేదు, గుండు చిప్పకి కొట్టుకుంటే అయింది. లేతకాయ కలిసినా, పైకప్పు కారినా లోపల బూజు పడుతుంది. బజారులో గండేరా, గటగట అని రెండు రకాలుగా కడతారు. గండేరాకే రేటెక్కువ. ఇంటికి కొనేవాళ్ళు ఒకటి పగలగొట్టించి చూసుకోవడం మంచిది.

తాటి సంగతి వేరు, అది గట్ల మీదా చేల మీదా ఉంటుంది. పోతుతాడు (మగ తాటిచెట్టు) కాయ కాయదు, కల్లుకి గీస్తారు. పెంటితాడు (ఆడ చెట్టు) ముంజెలిస్తుంది, అవి ఏప్రిల్, మే నెలల్లోనే. శ్రావణ భాద్రపదాల్లో తాటిపండు, ఆ టెంకలు పాతర వేస్తే సంక్రాంతికి తేగలు. కుండలో తంపట వేసినవే (కాల్చినవే) కొనండి, ఉడికించినవాటికి ఆ వాసన రాదు. నిలువునా చీల్చితే మధ్యలో కనబడే సన్నటి మొలకని చందమామ అంటారు. టెంక పగలగొడితే దొరికే తెల్లటి బుర్రగుంజు పిల్లలకి ఇష్టం. ఆలస్యమైతే మెత్తబడి రుచి పోతుంది.

ఒక్క రోజే ఉంటే దిండి వదిలేసి అంబాజీపేట చూడండి, రాత్రికి అమలాపురం లాడ్జీ చాలు. రెండు రోజులుంటే రెండోది దిండికి.