తెలుగు సైట్లకు వర్డ్‌ప్రెస్: హనుమకొండ నుంచి ఒక డెవలపర్ సమీక్ష

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు చిన్న వ్యాపారాలకు, స్కూళ్లకు, జిల్లా స్థాయి పత్రికలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. అందులో చాలా వరకు వర్డ్‌ప్రెస్ అనే, వెబ్‌సైట్లు నడిపే ఉచిత ప్రోగ్రాం మీదే నడుస్తున్నాయి. దాని నాలుగో వెర్షన్ రోజుల నుంచి వాడుతున్నాను. మధ్యలో అలాంటివే అయిన జూమ్లా, డ్రూపల్ కూడా చూశాను. మళ్లీ దీని దగ్గరికే వస్తున్నానంటే కారణం ఒకటే: ఏదైనా చెడితే ఎక్కడ చెడిందో మనమే వెతికి పట్టుకోవచ్చు. కోడ్ మొత్తం జీపీఎల్ అనే, ఎవరైనా చదివి మార్చుకోగల లైసెన్సు కింద బయటే ఉంది. ఏ ఫైల్లో ఏ లైను ఏం చేస్తుందో చదువుకోవచ్చు. ఎవరికో టికెట్ పెట్టి జవాబు కోసం ఎదురుచూసే పని లేదు. ఒక్కడే కూర్చుని పదిమంది క్లయింట్లకు జవాబు చెప్పుకోవాల్సిన డెవలపర్‌కి ఇది చాలా పెద్ద విషయం.

2003లో మ్యాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి, బీ2 అనే పాత బ్లాగు ప్రోగ్రాంను ఆధారం చేసుకుని దీన్ని మొదలుపెట్టారు. ఆ బ్లాగు లక్షణం ఇంకా పోలేదు. డేటాబేసులో పేజీ అయినా, ఫోటో అయినా, మెనూలో లింకు అయినా అన్నీ పోస్టుల టేబుల్లోనే ఉంటాయి. కొత్తవాళ్లకు ఇది గందరగోళంగా ఉంటుంది. ఒకసారి అర్థమైతే మాత్రం పని చాలా తేలికవుతుంది. 2010లో 3.0తో కస్టమ్ పోస్ట్ టైపులు బాగా వాడుకలోకి వచ్చాయి కాబట్టి స్కూలుకు 'ఫలితాలు', దర్రీలు అమ్మే షాపుకు 'డిజైన్లు' అని మనకు కావాల్సిన అరలు మనమే పెట్టుకోవచ్చు. కొత్త పోస్ట్ టైపు పెట్టగానే లింకు నొక్కితే 404, అంటే 'పేజీ దొరకలేదు' అని వస్తుందని కంగారుపడేవాళ్లను చాలామందిని చూశాను. సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్ పేజీకి వెళ్లి, ఏమీ మార్చకుండా ఒకసారి సేవ్ నొక్కితే సరిపోతుంది.

సైట్ తెల్లగా అయిపోయిందని ఫోన్ వస్తే నేను మొదట తెరిచేది, ముఖ్యమైన సెట్టింగ్స్ ఉండే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలు. అందులో తప్పులు పట్టుకునే డీబగ్ ఆన్ చేస్తాను, తప్పులు తెర మీద కనపడకుండా ఆపేస్తాను, లాగ్ ఫైల్లోకి మాత్రం రాయిస్తాను. ఆ లాగ్ మామూలుగా డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డర్‌లో పడుతుంది. చాలా సర్వర్లలో దాన్ని బయటివాళ్లు బ్రౌజర్‌లోనే తెరిచి చదవగలరు. అందుకే 5.1 నుంచి వచ్చిన సౌకర్యం వాడి, లాగ్‌ను వెబ్ ఫోల్డర్ బయట ఎక్కడో పెట్టుకోవడం మంచిది. తొమ్మిదిసార్లలో ఎనిమిదిసార్లు ఆ లాగ్ చివరి లైనే, అదనపు సౌకర్యాల కోసం మనం తగిలించిన ఏ ప్లగిన్‌లో తప్పు ఉందో చెప్పేస్తుంది. అడ్మిన్‌లోకే వెళ్లలేకపోతే, సర్వర్ ఫైళ్లు చూపించే ఎఫ్‌టీపీలో ఆ ప్లగిన్ ఫోల్డర్ పేరు మార్చేస్తే చాలు, అది ఆగిపోతుంది. నడుస్తున్న సైట్లో, చూసేవాళ్లకు తేడా తెలియకుండా వెతకాలంటే హెల్త్ చెక్ అండ్ ట్రబుల్‌షూటింగ్ అనే ప్లగిన్ ఉంది. అది మన లాగిన్‌కి మాత్రమే ప్లగిన్లన్నీ ఆపి చూపిస్తుంది. పేజీ ఎందుకు నెమ్మదిగా వస్తోందో తెలుసుకోవడానికి క్వెరీ మానిటర్ కావాల్సిందే. ఈ రెండూ ఉచితమే.

2019లో వచ్చిన 5.2లో రికవరీ మోడ్ పెట్టారు. ప్లగిన్ కూలిపోతే అడ్మిన్‌కి మెయిల్ వస్తుంది, అందులోని లింకుతో లోపలికి వెళ్లి దాన్ని ఆపేయవచ్చు. చాలా మంచి ఏర్పాటు. కానీ మా వైపు సైట్లలో ఆ మెయిల్ అడ్రస్ చాలాసార్లు ఎప్పుడో పని వదిలేసిన పాత డెవలపర్‌ది అయి ఉంటుంది. లేదంటే చవక హోస్టింగ్ నుంచి మెయిలే బయటికి పోదు. సైట్ చేతికి రాగానే ఆ అడ్రస్ మార్చడం, మెయిల్ ఎస్‌ఎంటీపీ (లాగిన్ అయి మెయిల్ పంపే పద్ధతి) ద్వారా వెళ్లేలా పెట్టడం, ఈ రెండు పనులూ అయ్యాకే మిగతావి చూడాలి.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడి అడ్తి దుకాణం ఒకటి రోజూ మిర్చి రేట్లు సైట్లో పెడుతుంది. తేజ, వండర్ హాట్, దేశీ అని రకాల వారీగా క్వింటాలుకు కనిష్ఠం, గరిష్ఠం. రైతు పల్లెలో బయల్దేరే ముందే చూసుకుంటాడు. ఒకరోజు దుకాణం యజమాని ఫోన్ చేశాడు. "తమ్మీ, నేను పొద్దున్నే రేటు మార్చిన. నా ఫోన్ల కొత్తది కనబడుతాంది, రైతుల ఫోన్లల్ల నిన్నటిదే వస్తాంది." ఆయన లాగిన్ అయి చూస్తున్నాడు కాబట్టి ఆయనకు తాజా పేజీ వస్తోంది. మిగతావాళ్లకు క్యాష్‌లో దాచిపెట్టిన పాత పేజీ వెళ్తోంది. ఇంతవరకు ఎవరైనా ఊహిస్తారు. క్యాష్ ప్లగిన్ ఉన్నప్పుడు, రేటు మారగానే అది పాత పేజీని ఎందుకు పారేయలేదన్నదే అసలు ప్రశ్న. ఆ సైట్లో రేట్లు పోస్టుగా కాకుండా ఒక సెట్టింగ్స్ పేజీలో, ఆప్షన్స్ టేబుల్లో సేవ్ అయ్యేలా ముందు చేసినవాళ్లు పెట్టారు. ఆ క్యాష్ ప్లగిన్ పోస్టు సేవ్ అయినప్పుడు మాత్రమే మేలుకుంటుంది. ఆప్షన్ మారిన సంగతి దానికి తెలియదు.

వర్డ్‌ప్రెస్ మీద నా ఇష్టం ఇలాంటి చోటే పెరుగుతుంది. ఫలానా ఆప్షన్ మారగానే పిలిచే హుక్, అంటే మన కోడ్ తగిలించుకునే కొక్కెం, ఒకటి ముందే అందులో ఉంది. దానికి నాలుగు లైన్ల ఫంక్షన్ తగిలించి, రేటు మారిన వెంటనే ఆ ఒక్క పేజీ క్యాష్ మాత్రం తుడిచేలా చేశాను. అసలు ప్లగిన్ ఫైల్ ఒక్కటి కూడా ముట్టుకోలేదు కాబట్టి అది అప్‌డేట్ అయినా నా మార్పు పోదు. యాక్షన్ (ఏదైనా జరిగినప్పుడు మన పని చేయించేది), ఫిల్టర్ (ఏదైనా విలువను మార్చనిచ్చేది) అనే ఈ రెండు రకాల హుక్స్ నేర్చుకున్నవాడికి వర్డ్‌ప్రెస్‌లో మార్చలేనిది దాదాపు ఉండదు. నా మార్పులన్నీ ఆ సైట్ పేరుతో ఒక చిన్న ప్లగిన్‌లో పెడతాను. సైట్ రూపాన్ని ఇచ్చే ఫైళ్లను థీమ్ అంటారు; రూపానికి సంబంధించిన మార్పులు మాత్రం దాన్ని ముట్టుకోకుండా వేరుగా పెట్టే చైల్డ్ థీమ్‌లోకి వెళ్తాయి. థీమ్ ఫైళ్లనే నేరుగా దిద్దిన సైట్లు నా దగ్గరికి వచ్చినప్పుడు నిజంగా బాధేస్తుంది. ఒక్క అప్‌డేట్ నొక్కితే ఎవరో చేసిన కష్టం అంతా పోతుంది. ఆ భయంతో ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయరు, చివరికి సైట్ హ్యాక్ అవుతుంది.

తెలుగు సైట్లకే వచ్చే చిక్కులు వేరు. వీటి గురించి ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో దొరకదు.

మొదటిది పోస్టు లింకు, అంటే స్లగ్. వర్డ్‌ప్రెస్ స్లగ్‌కి 200 అక్షరాల హద్దు ఉంది. ఒక్కో తెలుగు కోడ్ (కంప్యూటర్ ఒక అక్షరానికో గుర్తుకో ఇచ్చే సంఖ్య) లింకులో పర్సంట్ గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలు తింటుంది. గుణింతం గుర్తు, పొల్లు, సున్న అన్నీ వేరువేరు కోడ్‌లే. అంటే ఇరవై రెండు కోడ్‌లు దాటితే లింకు తెగిపోతుంది. 'కాకతీయుల కాలం నాటి చెరువులు' అని శీర్షిక పెడితే లింకు 'కాకతీయుల-కాలం-నాటి-చెరువ' దగ్గర ఆగిపోతుంది. లింకు పని చేస్తుంది, చూడ్డానికే బాగుండదు. పైగా వాట్సాప్‌లో పంపితే పర్సంట్ గుర్తుల పెద్ద తోకలా కనిపిస్తుంది, జనం అనుమానంతో నొక్కరు. పత్రికల సైట్లలో నేను ఒక ఫిల్టర్ పెడతాను. విలేకరి ఇంగ్లీషు అక్షరాల్లో స్లగ్ ఇవ్వకపోతే పోస్టు నంబరే స్లగ్ అవుతుంది. పాత పోస్టుల స్లగ్ తర్వాత మార్చినా ఇబ్బంది లేదు. వర్డ్‌ప్రెస్ పాత స్లగ్ గుర్తుపెట్టుకుని కొత్తదానికి పంపిస్తుంది.

రెండోది సర్వర్ మార్చినప్పుడు అక్షరాలు పాడవడం. ఇక్కడ గుర్తుపట్టాల్సిన తేడా ఒకటుంది. తలమీద గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వరసగా కనిపిస్తే మన డేటా చాలావరకు భద్రంగానే ఉన్నట్టు. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచిన అక్షరాలను లాటిన్-1 అనే ఇంకో పద్ధతి అనుకుని చదువుతున్నారంతే, క్యారెక్టర్ సెట్ సరిచేస్తే వెనక్కి వస్తుంది. అలా కాకుండా అన్నీ ప్రశ్నార్థకాలే డేటాబేసులో కూర్చుంటే ఆ తెలుగు పోయినట్టే, బ్యాకప్ ఒక్కటే దిక్కు. అందుకే కొత్త సర్వర్‌లో దింపిన వెంటనే ఒక తెలుగు పోస్టు తెరిచి చూడకుండా పాత సర్వర్ మూసేయకండి.

మూడోది మా జిల్లాలో చాలామందికి ఎదురైంది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ జిల్లాగా మారింది. స్కూళ్లు, ఆస్పత్రులు, షాపులు అన్నీ సైట్లో అడ్రసు మార్చుకోవాల్సి వచ్చింది. ఒక విద్యాసంస్థ సైట్లో ఎవరో డేటాబేసులోకి వెళ్లి, దాని భాష అయిన ఎస్‌క్యూఎల్‌తో నేరుగా పేరు మార్చేశారు. కింద ఫుటర్‌లో అడ్రసు, లింకుల్లాంటివి చూపించే చిన్న పెట్టెలు, అంటే విడ్జెట్లన్నీ మాయమయ్యాయి. వర్డ్‌ప్రెస్ విడ్జెట్ల సెట్టింగ్స్‌ను సీరియలైజ్ చేసి, అంటే అన్నిటినీ ఒకే వరసగా మార్చి దాచుతుంది, ప్రతి మాట ముందు దాని పొడవు బైట్లలో రాసుకుంటుంది. తెలుగు కోడ్ ఒక్కోటి మూడు బైట్లు. 'వరంగల్ అర్బన్' అంటే మధ్యలో ఖాళీతో కలిపి 37 బైట్లు, 'హనుమకొండ' అంటే 24. మాట మారింది, ముందున్న 37 మారలేదు. వర్డ్‌ప్రెస్‌ను నడిపే పీహెచ్‌పీ భాషకి లెక్క కుదరక మొత్తాన్నీ చదవడం మానేసింది. వర్డ్‌ప్రెస్‌ను కమాండ్లతో నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐలో సెర్చ్-రీప్లేస్ అనే కమాండ్ ఉంది, అది ఈ లెక్కలు కూడా సరిచేస్తుంది. ముందు డ్రై-రన్ పెట్టి ఎన్నిచోట్ల మారుతుందో చూసుకుని, తర్వాత నడిపించాలి. ఆ సైట్‌ను పాత బ్యాకప్ నుంచి తెచ్చి, ఈ కమాండ్‌తో మార్చాక విడ్జెట్లు తిరిగొచ్చాయి.

అక్షరాల రూపం గురించి ఒక్క మాట. చాలా థీమ్‌లు శీర్షికలకు లైన్ ఎత్తు 1.2 పెడతాయి. ఇంగ్లీషుకు అది చాలు. 'రాష్ట్రం' అన్న మాటలో వత్తు కింద వత్తు పై లైనులోంచి దిగి కింద లైను గుడిని తాకుతుంది. శీర్షికలకు 1.5, వ్యాసానికి 1.8 పెట్టి చూడండి, చదవడం ఎంత హాయిగా ఉంటుందో. థీమ్ సెట్టింగ్స్ ఉండే థీమ్-జేసన్ ఫైల్లో ఒకచోట మారిస్తే సైట్ అంతా మారుతుంది. ఫాంటుకు నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ తీసుకుని, సొంత సర్వర్‌లోనే పెట్టుకుంటాను.

2018 చివర్లో 5.0తో వచ్చిన, పేరా, ఫోటో ఒక్కోటీ ఒక్కో బ్లాకుగా పెట్టే బ్లాక్ ఎడిటర్ మీద అప్పట్లో నాకు చాలా కోపం ఉండేది. ఇప్పుడు లేదు. కాలేజీ సైట్లు చేసేటప్పుడు బ్లాకులు మంచివే, పేజ్ బిల్డర్ ప్లగిన్ల బరువు తప్పుతుంది. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా వార్తలు కొట్టే విలేకరికి మాత్రం ఇప్పటికీ పాత క్లాసిక్ ఎడిటరే ఇస్తాను. అతనికి కావాల్సింది శీర్షిక, వార్త, ఫోటో. పేరాకో బ్లాకు ఎందుకు?

పత్రికల సైట్లలో ఇంకో ఫిర్యాదు తరచుగా వస్తుంది. తెల్లవారుజామున అయిదింటికి షెడ్యూల్ చేసిన వార్త ఏడైనా రాదు. టైముకు పనులు చేయించే వర్డ్‌ప్రెస్ క్రాన్ నిజమైన గడియారం ప్రకారం నడవదు, ఎవరైనా సైట్ తెరిస్తేనే కదులుతుంది. పైగా పేజీ క్యాష్‌లోంచి వెళ్తే అప్పుడు కూడా కదలదు. కాన్ఫిగ్‌లో దాన్ని ఆపేసి, హోస్టింగ్ ప్యానెల్‌లో అయిదు నిమిషాలకోసారి అసలు క్రాన్ పెడితే ఆ సమస్య మళ్లీ రాదు.

మేడారం జాతర రోజుల్లో ఒక ట్రావెల్స్ సైట్ చూసుకున్నాను. రెండేళ్లకోసారి ఆ కొద్ది రోజుల్లోనే ఎన్నడూ లేనంత మంది వస్తారు. బస్సుల టైమింగ్స్ పేజీ ఒక్కటే అందరికీ కావాలి. క్యాష్ ఉన్నా సర్వర్ మూలుగుతోంది. క్వెరీ మానిటర్‌లో చూస్తే, ఎంతమంది చూశారో లెక్కపెట్టే చిన్న ప్లగిన్ ఒకటి ప్రతి రాకకూ క్యాష్‌ని దాటి డేటాబేసులో రాస్తోంది. దాన్ని తీసేశాక అదే హోస్టింగ్ జాతర అంతా నిలబడింది. ప్లగిన్ పెట్టేముందు అది ప్రతి పేజీకి ఏం చేస్తుందో చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే. నెలకోసారి కూడా మారని అయిదు పేజీల సైట్‌కైతే అసలు వర్డ్‌ప్రెసే వద్దంటాను. మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలు పెట్టిస్తే అప్‌డేట్ల టెన్షన్ ఉండదు.

నాకు ఇప్పటికీ తృప్తి లేనిది సెర్చ్. వర్డ్‌ప్రెస్ సెర్చ్ మనం కొట్టిన అక్షరాల వరస పోస్టులో ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. 'ఊరు' అని వెతికితే 'ఊరికి', 'ఊళ్లో' ఉన్న వార్తలు రావు. మన భాషలో మాట ప్రతిచోటా రూపం మారుతుంది కదా. ప్రస్తుతానికి నేను ప్రతి పోస్టుకూ కనపడని ఒక ఫీల్డ్ పెట్టి, విలేకరులతో అసలు పదాలు అందులో రాయిస్తున్నాను. సెర్చ్ క్వెరీని ఫిల్టర్‌తో మార్చి ఆ ఫీల్డ్‌ను కూడా చూసేలా చేశాను. ఊళ్ల పేర్లకు, పంటలకు ఇది బాగానే పనిచేస్తోంది. మిగతా మాటలకు విభక్తులు కోసేసి మూలపదం తీసే చిన్న ప్లగిన్ రాస్తున్నాను. కి, కు, లో, నుంచి వరకు అయింది. 'ఊరు' 'ఊళ్లు' అయ్యేచోట, 'కాలు' 'కాళ్లు' అయ్యేచోట ఇంకా పని ఉంది. పూర్తయ్యాక అదీ జీపీఎల్ కిందే ఉచితంగా పెడతాను.