తెలుగు కొట్టే చేతులకు ఏది సుఖం: డ్వోరాకా, కోల్‌మాకా, ఇన్‌స్క్రిప్టా?

వేళ్లు లాగుతున్నాయి, మణికట్టు నొస్తోంది, కీబోర్డు లేఅవుట్ మారిస్తే మేలా అని వెతికేవాళ్లకు ముందుగా కనబడే పేర్లు డ్వోరాక్, కోల్‌మాక్. మొదటిదానికి 1936లో పేటెంట్ వచ్చింది, రెండోది 2006లో వచ్చింది. రెండూ మంచివే, కాకపోతే ఇంగ్లీషు లెక్కతో పుట్టినవి. హనుమకొండలో థీసిస్‌లు టైప్ చేసేవాళ్లకు, పొద్దస్తమానం తెలుగు వార్తలు కొట్టే విలేకరులకు నా సలహా ఇన్‌స్క్రిప్టే, అంటే భారతీయ భాషల కోసమే చేసిన కీబోర్డు అమరిక.

ఇంగ్లీషు అక్షరాలతో ‘కాకతీయ’ కొట్టి చూడండి. కె, ఏ, ఏ, కె, ఏ, టి, ఐ, ఐ, వై, ఏ. పది నొక్కుల్లో నాలుగు ‘ఏ’లే, అవన్నీ ఎడమ చిటికెన వేలి మీదే పడతాయి. తెలుగు హల్లులో అకారం ఎలాగూ ఉంటుంది, రోమన్‌లో మాత్రం ప్రతిసారీ నొక్కాల్సిందే. డ్వోరాక్‌లోనూ కోల్‌మాక్‌లోనూ ‘ఏ’ కీ పాత చోటే ఉంటుంది కాబట్టి చిటికెన వేలి కష్టం తీరదు. పైగా డ్వోరాక్‌లో కె, ఐ, వై కూడా ఎడమ వైపే. ఆ పదింటిలో కుడిచేతికి దక్కేది ఒక్క ‘టి’.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఇదే మాటకు ఆరు నొక్కులు చాలు: క, దీర్ఘం, క, త, గుడిదీర్ఘం, య. నాలుగు హల్లులు కుడిచేతికి, రెండు గుణింతాలు ఎడమచేతికి. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఖరారు చేసిన అమరిక ఇది. హిందీలోనూ ‘క’ అదే కీ మీద ఉంటుంది, రెండు భాషల్లో పని చేసేవాళ్లకు ఇది చిన్న లాభమేం కాదు.

లోపాలు లేవని అనను. మ, న, వ ఎడమచేతి కింది వరుసలో ఉన్నాయి. ‘హనుమకొండ’లో ‘నుమ’ అంతా ఒక్క చేతి పనే, పైగా ‘కొ’ ఒత్వం కోసం వేలు ఎడమ మూల చివరిదాకా పోవాలి. ‘చేయండి’లో చ, య, డ మూడూ కుడి చిటికెన వేలివే. ఇది నిజంగా ఇబ్బందే. అయినా మొత్తం నొక్కులు తగ్గుతాయి, అలసటలో ఆ తేడా తెలుస్తుంది.

డీటీపీలో (కంప్యూటర్‌లో పుస్తకాలు, కరపత్రాల పేజీలు కూర్చే పనిలో) అను ఫాంట్లతో, ‘యాపిల్’ అనే తెలుగు లేఅవుట్ మీద చేయి తిరిగినవాళ్లు నొప్పి లేకుంటే మారనక్కర్లేదు. రోజంతా ఇంగ్లీషులో కోడ్ రాసేవాళ్లకు కోల్‌మాక్ మేలు: మారేవి పదిహేడు కీలే, కాపీ, పేస్ట్ షార్ట్‌కట్లు పాతచోటే ఉంటాయి. డ్వోరాక్‌లో అవి చెదిరిపోతాయి. నలుగురు వాడే షాపు కంప్యూటర్‌లో ఇంగ్లీషు లేఅవుట్ మారిస్తే పక్కవాళ్లకూ తలనొప్పే. ఇన్‌స్క్రిప్ట్‌తో ఆ గొడవ లేదు. విండోస్ సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుని, విండోస్ కీతో పాటు స్పేస్ నొక్కితే భాష మారుతుంది, ఇంగ్లీషు ఎప్పటిలాగే ఉంటుంది.

నేర్చుకునేటప్పుడు మధ్య వరుసతో మొదలుపెట్టండి. ఎడమచేతికి ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము. కుడిచేతికి ప, ర, క, త, చ, ట. ఈ ఒక్క వరుసతోనే కోట, తోట, పేరు, రేపు, చిరుత, చుట్టు అన్నీ వస్తాయి. కీబోర్డు చూడకుండా ఇవి పడేదాకా పై వరుస జోలికి పోకండి.