మా కాలేజీ కౌన్సెలింగ్ కేంద్రంలో రెండు సిట్టింగులు

తాగితే తప్ప నలుగురిలో నోరు విప్పలేనని గట్టిగా నమ్మేవాణ్ణి. రెండో ఏడాదంతా అలాగే గడిచింది. స్నేహితుడు పట్టుబట్టకపోతే ఈ కేంద్రం గడప తొక్కేవాణ్ణి కాదు.

మొదటి రోజు రెండు ప్రశ్నపత్రాలు ఇచ్చారు. ఒకటి తాగుడు అలవాటు ఏ స్థాయిలో ఉందో తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’. 10 ప్రశ్నలు, 40 మార్కులు. 8 గానీ అంతకు మించి గానీ వస్తే జాగ్రత్తపడాలి. నాకు 13 వచ్చాయి. రెండోది స్వభావం గురించిన 23 వాక్యాలు. నిరాశ, గుండెదడ వంటి ఆందోళన లక్షణాలకే హడలిపోవడం, తొందరపాటు, ఉత్కంఠ కోసం తహతహ అనే నాలుగింటిని కొలుస్తుంది. ఫలితాల గ్రాఫ్‌లో నా గీత ఆ హడలిపోవడం దగ్గర నిటారుగా లేచింది.

అసలు విలువంతా తర్వాతి సంభాషణలో ఉంది. “సగం గ్లాసుకే ధైర్యం వచ్చేస్తుందన్నావు కదా, అప్పటికి రక్తంలో ఎంత కలిసి ఉంటుంది?” అని కౌన్సెలర్ మేడమ్ అడిగారు. మద్యమని నమ్మించి మద్యం లేని పానీయం ఇచ్చిన ప్రయోగాల్లోనూ కొందరు కలుపుగోలుగా మారారని చెప్పారు. చాలాసేపు పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాను. ఆవిడ ఒక్క నీతిబోధ కూడా చేయలేదు. అందుకే మళ్లీ వెళ్లాను.

లోపమూ చెప్పాలి. ఫలితాల కాగితాన్ని వరండాలో అందరి ఎదుటా చేతికిచ్చారు. ఇది క్షమించదగిన పొరపాటు కాదు. వారంలో ఉంటుందన్న రెండో సిట్టింగు మూడు వారాలకు జరిగింది.

మూడు నెలల తర్వాత ఆడిట్ మళ్లీ రాశాను. 6 వచ్చాయి.