పిల్లల చేతిలో ఫోన్: లాక్కోవడమా, చాటుగా చూడటమా, మాట్లాడుకుని ఇవ్వడమా? ఏది మేలు?

పోయిన జూన్‌లో మా అమ్మాయి తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. ట్యూషన్ నోట్సు, హోంవర్క్, టెస్టుల తేదీలు అన్నీ వాట్సాప్ గ్రూపులోనే వస్తాయి కాబట్టి ఇంట్లో ఉన్న పాత ఫోన్ దాని చేతికి ఇవ్వక తప్పలేదు. ఆ రాత్రి మా ఇంట్లో మూడు మాటలు వినిపించాయి. మావారు ‘టెన్త్ అయ్యేదాకా ఇన్‌స్టా గిన్‌స్టా ఏమీ వద్దు, ట్యూషన్ పని అవగానే ఫోన్ తీసేసుకుందాం’ అన్నారు. మా ఆడపడుచు ఫోన్ చేసి ‘వదినా, ఒక యాప్ ఉంది, పిల్లకి తెలియకుండానే అన్నీ నీ ఫోన్‌లో కనిపిస్తాయి’ అంది. మా అత్తగారు మాత్రం ‘పిల్లని కూర్చోబెట్టుకుని మాట్లాడండి, అదే చెబుతుంది’ అన్నారు. ఆవిడ మాట ఆ రోజు మేమెవరం పట్టించుకోలేదు.

ఏడాది తిరిగేసరికి మూడూ అయ్యాయి మా ఇంట్లో. దీని మీద పరిశోధకులు ఏం తేల్చారో కూడా దొరికినంత చదివాను. నేను ఈ మూడింటినీ తూచింది ఒక్క ప్రశ్నతో: రేపు ఆ ఫోన్‌లో పిల్లకి ఏదైనా చెడు ఎదురైతే, అది పరుగున నా దగ్గరికి వస్తుందా, రాదా?

ముందు అసలు సంగతి. సోషల్ మీడియా పిల్లల్ని పాడు చేస్తోందా? 2019లో ఆక్స్‌ఫర్డ్‌లో అమీ ఓర్బెన్, ఆండ్రూ ప్షిబిల్‌స్కీ మూడున్నర లక్షల మందికి పైగా టీనేజర్ల లెక్కలు తీసి చూశారు. పిల్లల మనసు బాగుండటంలో ఒకరికీ ఒకరికీ ఉన్న తేడాలో డిజిటల్ వాడకం వాటా ఎక్కువలో ఎక్కువ 0.4 శాతమేనని తేలింది. బంగాళాదుంపలు తరచూ తినడానికి కూడా దాదాపు అంతే సంబంధం కనిపించిందట. ఇది చదివి హాయిగా ఊపిరి పీల్చుకోబోయాను. కానీ సగటు లెక్కలో నా కూతురు ఎక్కడుంది?

దానికి జవాబు నెదర్లాండ్స్‌లో దొరికింది. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఇనె బెయెన్స్ బృందం 63 మంది పిల్లల్ని వారం పాటు, రోజుకు ఆరుసార్లు, ‘ఇప్పుడెలా ఉంది మనసు?’ అని అడిగింది. ఇన్‌స్టా, వాట్సాప్ ఊరికే చూస్తూ కూర్చున్నాక 46 శాతం మందికి కాస్త బాగుంది. 44 శాతం మందికి ఏ తేడా లేదు. 10 శాతం మందికి మాత్రం బాధగా ఉంది. 2020లో వచ్చిన చిన్న అధ్యయనమే, కానీ ఒక తల్లిగా నాకు లక్షల లెక్క కన్నా ఇదే పనికొచ్చింది. నా పిల్ల ఆ పది శాతంలో ఒకతో కాదో చెప్పగలిగేది అదొక్కతే. అది నోరు విప్పి చెప్పాలి, లేదా నేను దాని ముఖం చూసి పట్టుకోవాలి.

ఇక లాక్కోవడం సంగతి. ఆస్ట్రేలియా దేశం మొత్తానికీ ఇదే చేసింది. 16 ఏళ్ళ లోపు పిల్లలకు ఇన్‌స్టా, టిక్‌టాక్ లాంటి వాటిలో అకౌంట్ ఉండకూడదని 2024 నవంబర్‌లో చట్టం చేసి, 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లో పెట్టింది. జరిమానా కంపెనీలకే, 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. పిల్లలకీ తల్లిదండ్రులకీ శిక్ష లేదు. బరువు కంపెనీల మీద పెట్టడం నాకు నచ్చింది. ఇంట్లో మనం ఒక్కళ్ళమే ‘వద్దు’ అంటే ‘క్లాసులో అందరికీ ఉంది, నాకే లేదు’ అన్న మాటకి మన దగ్గర జవాబుండదు.

కానీ ఇంట్లో నిషేధం అంత సులువు కాదు. ‘అసర్’ అనే విద్యా సర్వే 2024 లెక్కల్లో గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అలా వచ్చిన వాళ్ళలో ఆ ముందు వారం చదువు కోసం వాడింది 57 శాతం, సోషల్ మీడియాకి వాడింది 76 శాతం. చదువుకని ఇచ్చిన ఫోన్ ఎటు పోతుందో దీన్ని బట్టే తెలుస్తుంది. ట్యూషన్ గ్రూపు కావాలి, ఇన్‌స్టా వద్దు అని మధ్యలో గీత గీసి కాపలా కాయడం మావారి వల్ల పదిహేను రోజులకి మించి కాలేదు.

స్కూల్లో మాత్రమే ఆపితే? బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంగ్లండ్‌లో 30 స్కూళ్ళు, 1,227 మంది పిల్లల్ని తీసుకుని 2025లో ఫలితాలు ఇచ్చారు. ఫోన్ నిషేధించిన స్కూళ్ళ పిల్లల మానసిక స్థితికీ, నిషేధించని స్కూళ్ళ పిల్లలదానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫోన్‌లో గడిపే మొత్తం టైమూ తగ్గలేదు. అయితే ఎక్కువసేపు ఫోన్‌లో ఉండే పిల్లలకి నిద్ర, మనసు, చదువు అన్నీ దెబ్బతిన్నట్టే కనిపించింది.

మన దగ్గర నిషేధం అంటే ఇంటర్ హాస్టళ్ళు. మా తోడికోడలి కొడుకు రెండేళ్ళు అలాంటి చోటే చదివాడు. వారానికోసారి వార్డెన్ ఫోన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడేవాడు, వెనక క్యూలో ఇంకో పది మంది నిలబడి ఉండగా. ఆ ఐదు నిమిషాల్లో వాడు ఏం చెప్పుకుంటాడు? ‘బాగానే ఉన్నా’ అనడం తప్ప. ర్యాంకు బాగానే వచ్చింది. బీటెక్‌లో చేరగానే కొత్త ఫోన్, హాస్టల్ గదిలో వైఫై, అడిగేవాళ్ళు లేరు. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. పండక్కి వచ్చినప్పుడు నాతో ‘పెద్దమ్మా, రాత్రి ఎప్పుడు ఆపాలో నాకు తెలియట్లేదు. ఆపుదాం అనుకుంటూనే తెల్లారిపోతోంది’ అన్నాడు. ఆ కుర్రాడి తప్పేముంది? పదిహేనేళ్ళప్పుడు, పక్కన పెద్దవాళ్ళు ఉండగా నేర్చుకోవలసింది పద్దెనిమిదేళ్ళప్పుడు ఒంటరిగా నేర్చుకోమన్నాం. ఓర్బెన్ బృందమే 2022లో బ్రిటన్ లెక్కలతో మరో సంగతి చెప్పింది. సోషల్ మీడియా ఎక్కువ వాడితే ఏడాది తర్వాత జీవితంలో తృప్తి తగ్గడం ఆడపిల్లల్లో 11 నుంచి 13 ఏళ్ళ మధ్య, మగపిల్లల్లో 14, 15 ఏళ్ళప్పుడు, మళ్ళీ ఇద్దరిలోనూ 19 ఏళ్ళప్పుడు కనిపించింది. ఆ 19కి ఇల్లు వదిలి వెళ్ళడం ఒక కారణం కావచ్చని వాళ్ళ ఊహ. మా వాడిని చూశాక నాకది నిజమేననిపిస్తోంది.

ఒక్క చోట మాత్రం నిషేధానికే నా ఓటు. రాత్రి. 2016లో బెన్ కార్టర్ బృందం 20 అధ్యయనాల్ని, లక్షా పాతిక వేల మంది పిల్లల లెక్కల్ని కలిపి చూసింది. పడుకునే ముందు ఫోన్ లాంటివి వాడే పిల్లలకి నిద్ర సరిపోకపోయే అవకాశం రెట్టింపుకు పైగా ఉంది. వాడకపోయినా, పక్కన పెట్టుకుని పడుకున్న పిల్లల్లో కూడా నిద్ర తగ్గడం కనిపించింది. దీని మీద ఇంట్లో బేరాలు వద్దు.

రెండోది, చాటుగా చూడటం. ఇది చేసింది నేనే.

ఆడపడుచు చెప్పిన యాప్ ఆగస్టులో వేశాను. మొదటి వారం రాత్రిళ్ళు పదకొండింటికి కూర్చుని అమ్మాయి చాట్లన్నీ చదివాను. దొరికిందేమిటి? కెమిస్ట్రీ మిస్ చీర గురించి ఒక జోకు, ఎవరి లంచ్‌బాక్స్‌లో ఏముందో, ఒక స్నేహితురాలితో అలక. మూడో వారంలో ఫోన్ బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతోందని అది సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూసింది. ‘సిస్టమ్ సర్వీస్’ అనే పేరుతో ఏదో ఒకటి బ్యాటరీలో మూడో వంతు తినేస్తోంది. ఎవరినో అడిగి అదేమిటో కనుక్కుంది. ఏడవలేదు, అరవలేదు. ఫోన్ తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టి, ‘అమ్మా, నన్ను అడిగితే చెప్పేదాన్నిగా’ అని లోపలికి వెళ్ళిపోయింది.

అంతకుముందు స్కూల్ నుంచి రాగానే నేను కూరలు తరుగుతుంటే వంటింటి గట్టెక్కి కూర్చుని ఆ రోజు జరిగిందంతా చెప్పేది. సగం వినేదాన్ని, సగం వినేదాన్ని కాదు. ఆ మర్నాటి నుంచి ఆ గట్టు ఖాళీ. దాదాపు రెండు నెలలు. అడిగితే ‘ఏం లేదు’, ‘మామూలే’.

ఈ గాయంతోనే వెతుకుతుంటే స్వీడన్‌లో జరిగిన ఒక పాత అధ్యయనం దొరికింది. ఓరెబ్రో విశ్వవిద్యాలయంలో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 703 మంది పద్నాలుగేళ్ళ పిల్లల్నీ వాళ్ళ తల్లిదండ్రుల్నీ అడిగి 2000లో ఫలితాలు అచ్చు వేశారు. పిల్లల మీద కన్నేసి ఉంచితే చెడు దారి పట్టరు అని అప్పటిదాకా అందరూ నమ్మేవారు. వీళ్ళు ఇంకో మెట్టు లోతుకు వెళ్ళారు. పిల్లల సంగతులు తల్లిదండ్రులకి అసలు ఎలా తెలుస్తున్నాయి? గుచ్చి గుచ్చి అడగడం వల్లా, నియమాలు పెట్టడం వల్లా తెలిసింది తక్కువ. పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల తెలిసిందే ఎక్కువ. మా వంటింటి గట్టు మీద రోజూ నాకు ఉచితంగా దొరుకుతున్నది అదే. నెలకింత కట్టి కొన్న యాప్ కోసం దాన్ని పోగొట్టుకున్నాను.

నెదర్లాండ్స్‌లో స్కైలర్ హాక్ బృందం 2013లో ఇంకా సూటిగా చెప్పింది. ‘మా అమ్మానాన్నలు నా సొంత విషయాల్లోకి చొరబడుతున్నారు’ అనుకున్న పిల్లలు తర్వాత ఇంకా ఎక్కువ దాచారు, తల్లిదండ్రులకి తెలిసేది ఇంకా తగ్గింది. తెలుసుకుందామని చేసిన పనే తెలియకుండా చేసింది.

ఈ యాప్‌ల తయారీలోనే ఒక లోపముంది. అమెరికాలో పమేలా విస్నీవ్‌స్కీ బృందం 2017లో ఇలాంటి 75 ఆండ్రాయిడ్ యాప్‌ల్ని పరిశీలిస్తే, వాటిలోని సదుపాయాల్లో 89 శాతం పెద్దవాళ్ళు అదుపు చేయడానికే ఉన్నాయి. పిల్ల తనను తాను ఆపుకోవడం నేర్చుకునేలా చేసేవి చాలా తక్కువ. మరుసటి ఏడాది ఇలాంటి యాప్‌లకి పిల్లలే రాసిన 736 రివ్యూలు చదివారు. వాటిలో 76 శాతం ఒక్క స్టార్‌వే.

తెలిసేలా చూడటం వేరు. పిల్లల ఫోన్ చూసుకోవడానికి గూగుల్ ఇచ్చే ఫ్యామిలీ లింక్ యాప్‌లో పిల్ల ఫోన్ మీదే ‘మీ పెద్దవాళ్ళు వీటిని చూడగలరు’ అని ఉంటుంది. ఇన్‌స్టా టీన్ అకౌంట్‌లో పర్యవేక్షణ పెట్టుకుంటే గత ఏడు రోజుల్లో పిల్ల ఎవరితో మాట్లాడిందో కనిపిస్తుంది, ఏం మాట్లాడిందో కనిపించదు. నాకు ఆ గీత సరిగ్గా ఉందనిపించింది. గదిలో ఎవరున్నారో తెలియాలి, గుసగుసలు వినక్కర్లేదు.

మూడోది, మా అత్తగారు చెప్పిన దారి. దసరా సెలవుల్లో ముందు అమ్మాయికి క్షమాపణ చెప్పాను. యాప్ దాని ఎదుటే తీసేశాను. తర్వాత ముగ్గురం కూర్చుని నోట్‌బుక్‌లో నాలుగు మాటలు రాసుకున్నాం. అకౌంట్ ప్రైవేట్‌గానే ఉండాలి. తెలియనివాళ్ళ రిక్వెస్ట్ తీసుకోకూడదు. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ హాల్లో చార్జింగ్‌కి పెట్టాలి. ఏదైనా తప్పు జరిగి వచ్చి చెబితే ఫోన్ లాక్కోకూడదు. ఆ నాలుగోది అది పెట్టిన షరతు. ఇంకొకటి కూడా అదే అడిగింది: ‘మరి మీ ఫోన్లు?’ అమెరికాలో జేసన్ నగాటా బృందం 2024లో పదివేల మంది 12, 13 ఏళ్ళ పిల్లల్ని చూసినప్పుడు, తల్లిదండ్రులు పిల్లల ముందు ఫోన్ పట్టుకుని కూర్చునే ఇళ్ళలో, భోజనాల దగ్గర స్క్రీన్ ఉండే ఇళ్ళలో పిల్లల స్క్రీన్ టైమూ ఎక్కువే. కాబట్టి మా రెండు ఫోన్లూ అదే ప్లగ్గు దగ్గరికి వెళ్తున్నాయి. మావారికి మొదటి వారం చాలా కష్టమైంది. ఆ అధ్యయనంలోనే పరిమితి పెట్టి గమనిస్తూ ఉండే ఇళ్ళలో వాడకం తక్కువగా ఉందని కూడా తేలింది. అందుకే మాట్లాడుకోవడం అంటే పూర్తిగా వదిలేయడం అనుకోవద్దు.

ఈ దారిలోనూ ఇబ్బందులున్నాయి. తొమ్మిదిన్నర పదయిన రోజులున్నాయి, పరీక్షల ముందు గొడవలయ్యాయి. పిల్ల నమ్మకం తిరిగి రావడానికి సంక్రాంతి దాకా పట్టింది. తీరిక లేని ఇంట్లో, రాత్రి డ్యూటీలకి వెళ్ళే తల్లిదండ్రులకి ఇది ఇంకా కష్టం. వాళ్ళకి ఫ్యామిలీ లింక్ లాంటిది పిల్లకి చెప్పి పెట్టుకోవడమే మంచిదంటాను.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చి, ‘అమ్మా, తిట్టనంటే ఒకటి చూపిస్తా’ అంది. స్నేహితురాలి అన్నయ్యనని చెప్పుకుని ఎవడో మెసేజ్ పెడుతున్నాడు. మొదట హోంవర్క్ గురించి, తర్వాత ఫోటో పంపమని, తర్వాత ‘పంపకపోతే స్కూల్లో చెప్తా’ అని. చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఏదీ డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీశాం, రిపోర్ట్ చేసి బ్లాక్ చేశాం. మా అమ్మాయి ఏమీ పంపలేదు కాబట్టి అక్కడితో ఆగింది. ఆగకపోతే సైబర్ నేరాల నంబర్ 1930, పిల్లల సహాయానికి 1098 ఉన్నాయని ఇద్దరం కలిసి దాని ఫోన్‌లో సేవ్ చేసుకున్నాం. నాలుగో షరతు ప్రకారం ఫోన్ దాని దగ్గరే ఉంది.

పోయిన వారం మా ఆడపడుచు మళ్ళీ అడిగింది, వాళ్ళ వాడికి పదకొండేళ్ళు. ఇప్పుడు ఇన్‌స్టా వద్దే వద్దని చెప్పాను, 13 లోపు పిల్లల్ని ఆ కంపెనీలే వద్దంటున్నాయి. పదమూడు దాటాక తెలిసేలా పర్యవేక్షణ పెట్టుకుని ఇవ్వమన్నాను, ఏటేటా ఒక ముడి వదులు చేస్తూ. తిండి, నిద్ర మానేసినా, చచ్చిపోవాలని ఉంది లాంటి మాట అన్నా ఏ ఒప్పందమూ చూడొద్దన్నాను. ‘భయంగా ఉంది నాన్నా, నీ ఫోన్ చూస్తున్నా’ అని వాడికి చెప్పే చూడాలి, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబర్ 14416 (టెలి మానస్)కి ఫోన్ చేయాలి. ‘మరి ఆ యాప్?’ అంది. తీసేయమన్నాను. తీసే ముందు వాడికి చెప్పమన్నాను.